ఫుడ్ ప్రాసెసర్ సామానంతా ఒకే బుట్టలో వద్దు

వంటగది సర్దుకోవడం మీద ఏ సలహా చదివినా, ఫుడ్ ప్రాసెసర్ దగ్గరికి వచ్చేసరికి ఒకటే మాట. పెద్ద బుట్ట ఒకటి తెచ్చుకోండి, విడి భాగాలన్నీ అందులో వేసేయండి, పైన చీటీ అంటించండి, అరలోకి తోసేయండి. పక్కనే ఫొటో ఉంటుంది. తెల్లటి బుట్ట, అందులో కూరగాయలను ముక్కలు కోసే, తురిమే మెరిసే డిస్కులు ఒకదాని మీద ఒకటి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే అది సర్దిన రోజున తీసిన ఫొటో. పిండి అంటిన చేత్తో, అడుగున ఎక్కడో ఉన్న 4 మిల్లీమీటర్ల డిస్కు కోసం అదే బుట్టలో దేవులాడుతున్నప్పుడు తీసిన ఫొటో ఎవరూ పెట్టరు.

ఈ సలహా వెనక ఒక గట్టి కారణం లేకపోలేదు. అన్నీ ఒకచోట ఉంటే ఏదీ పోదు. ఆ కారణాన్ని కొట్టిపారేయలేం, కిందికి వెళ్లాక మళ్లీ దాని దగ్గరికి వస్తాను. కానీ ఒకే పెట్టెలో వచ్చాయి కాబట్టి ఒకే చోట ఉండాలనడం నాకు నచ్చదు. ఏది కనబడకపోతే మిగతావన్నీ దండగవుతాయో, ఏది చెయ్యి కోస్తుందో, ఏది తడిని లోపల దాచుకుంటుందో చూసి చోటు నిర్ణయించాలి. ఆ లెక్కన చూస్తే బ్లేడూ డిస్కులూ పుషరూ మూతా ఒకే బుట్టలో ఉండాల్సిన వస్తువులే కావు.

అన్నిటికన్నా చిన్నదానికి ముందు చోటు

సర్దేటప్పుడు మన కన్ను పెద్దవాటి మీద పడుతుంది. మోటారు ఎక్కడ పెట్టాలి, గిన్నె ఎక్కడ పెట్టాలి అని ఆలోచించి, చిన్నాచితకా వస్తువులను మిగిలిన సందుల్లో ఇరికిస్తాం. నిజానికి వరస తిరగబడాలి.

డిస్కుల కాడ సంగతే తీసుకోండి. మోటారు ఇరుసు మీద కూర్చుని, పైన డిస్కును మోసే ప్లాస్టిక్ ముక్క అది. కాడ విడిగా ఉండే మోడళ్లలో ముక్కలు కోసే డిస్కుకీ, తురిమే డిస్కుకీ అదొక్కటే ఆధారం. అది కనబడకపోతే అరడజను డిస్కులున్నా ఒక్కటీ తిరగదు. పైగా దాన్ని విడిగా చూస్తే ఏమిటో పోల్చుకోవడం కష్టం. గిన్నెలు కడిగి సర్దే మనిషి వేరు, యంత్రం వాడే మనిషి వేరు అయిన ఇంట్లో ఆ ముక్క గరిటెల సొరుగులోకి వెళుతుంది, లేదా ఏదో సీసా మూత అనుకుని మూతల డబ్బాలో పడుతుంది. ఒక్కోసారి చెత్తబుట్టలోకే పోతుంది.

పుషర్ కూడా అలాంటిదే. కూరగాయలను మూత మీది గొట్టంలోకి నొక్కే ముక్కేగా, అది లేకపోతే ఏం అనుకుంటారు. పెద్ద నోరున్న గొట్టం ఉండే కొన్ని మోడళ్లలో పుషర్ తన గీత దాకా దిగి స్విచ్చిని నొక్కితే తప్ప మోటారు కదలదు. తిరుగుతున్న డిస్కు మీదికి గొట్టంలోంచి చెయ్యి వెళ్లకుండా చేసిన ఏర్పాటు అది. అలాంటి యంత్రానికి పుషర్ పోయిందంటే మోటారు పోయినట్టే. ఈ అడ్డు లేని మోడళ్లలో మరో ప్రమాదం. పుషర్ దొరకనప్పుడు గరిటె కాడతోనో వేళ్లతోనో నొక్కేస్తారు. గరిటె కాడ డిస్కుకు తగిలితే డిస్కు అంచు, కాడ, ఒక్కోసారి గొట్టం కూడా విరుగుతాయి. వేళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే కాడకు చోటు డిస్కుల పక్కనే ఉండాలి. డిస్కులు పెట్టే స్టాండుకే ఒక చిన్న కొక్కెం బిగించి, కాడ నడిమి రంధ్రంలోంచి దారం దూర్చి తగిలించండి. గిన్నెలో వేయొద్దు, ఎందుకంటే గిన్నెలో బ్లేడుంటుంది. కాడ కోసం బ్లేడు పక్కనుంచి చెయ్యి పెట్టాల్సిన పరిస్థితి మనకు మనమే తెచ్చుకున్నట్టవుతుంది. పుషర్‌ను మోటారు ఉన్న పళ్లెంలోనే, దాని పక్కన బోర్లించి పెడితే చాలు. గొట్టం ఖాళీగా ఉంటే ఆరుతుంది, పుషర్ కళ్లెదుట ఉంటుంది.

బ్లేడు గిన్నెలోనా, బయటా?

దీని మీద రెండు వర్గాలున్నాయి, రెండింటి మాటలోనూ కొంత న్యాయం ఉంది.

గిన్నెలోనే ఉంచాలనేవాళ్లు చెప్పేదేమిటంటే, బ్లేడుకు గిన్నెను మించిన ఒర లేదు. చుట్టూ ప్లాస్టిక్ గోడ, పైన మూత. ఎవరి చెయ్యీ పొరపాటున తగలదు, వాడాలనుకోగానే సిద్ధంగా ఉంటుంది. బయట పెట్టాలనేవాళ్లు తడి గురించి, వాసన గురించి, గిన్నెను ఎత్తేటప్పుడు బ్లేడు జారడం గురించి చెబుతారు.

నేను మొదటి పక్షమే, కానీ షరతులతో. గిన్నె మోటారు మీద కూర్చుని ఉండాలి. చాలా మోడళ్లలో ఇరుసు మోటారులోంచి పైకి వచ్చి గిన్నె మధ్య గొట్టంలోంచి బ్లేడును పట్టుకుంటుంది. గిన్నెను మోటారు మీంచి తీసేస్తే ఆ పట్టు పోతుంది, బ్లేడు మధ్య గొట్టం మీద వదులుగా వేలాడుతూ ఉంటుంది. అలాంటి గిన్నెను పై అరలో పెట్టి, తీసేటప్పుడు మన వైపు వంచితే బ్లేడు నేరుగా మన మీదికే జారుతుంది. బోర్లించినా జారకుండా గిన్నెకు బిగుసుకునే బ్లేళ్లు కొన్ని కొత్త మోడళ్లలో వస్తున్నాయి. మీది ఆ రకమో కాదో తెలుసుకోవాలంటే, గట్టు మీద మందపాటి తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచి, దాని మీద గిన్నెను చేతులు దూరంగా పెట్టి మెల్లగా వంచి చూడండి. బ్లేడు కదిలిందంటే, మోటారు మీంచి దించిన గిన్నెలో దాన్ని ఉంచకూడదు.

ఇంకో షరతు, గిన్నెలో బ్లేడు తప్ప మరేదీ ఉండకూడదు. గిన్నె ఖాళీగా కనిపిస్తే అందులో ఏదో ఒకటి దాచాలనిపించడం సహజం. డిస్కులు, కాడ, గరిటె, ఆఖరికి కరెంటు తీగ కూడా చుట్టి పెట్టేస్తారు. ఉక్కుకు ఉక్కు తగిలి బ్లేడు అంచు మొద్దుబారుతుంది. డిస్కు అంచు గీసుకుని గిన్నె గోడ మీద గీతలు పడతాయి. ఆ గీతల్లోనే తర్వాత రంగూ వాసనా పట్టుకుని ఎంత కడిగినా వదలవు.

అసలు మీరు రోజూ చేసేది తరగడమా, తురమడమా అన్నది కూడా చూసుకోవాలి. వారంలో ఎక్కువసార్లు తురిమే డిస్కే వాడే ఇంట్లో ఎస్ ఆకారపు బ్లేడు మోటారు మీద కాపురం ఉండటంలో అర్థం లేదు. ప్రతిసారీ దాన్ని తీసి ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఆ "ఎక్కడో ఒకచోట" అన్నదే ప్రమాదం. అలాంటివాళ్లు బ్లేడుకు విడిగా ఒక గట్టి పెట్టె చేసుకోవడం మేలు.

ఆ పెట్టెకు ఖర్చేమీ లేదు. లోపలి వెడల్పు బ్లేడు ఒక కొన నుంచి రెండో కొనకున్న దూరం కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువుండాలి, ఎత్తు బ్లేడు నడుమ ఉన్న ప్లాస్టిక్ బొడ్డు కన్నా ఎక్కువుండాలి. పారదర్శకమైన డబ్బా అయితే మంచిది, మూత తీయకముందే లోపలున్నది కత్తి అని తెలుస్తుంది. డబ్బా అడుగున మధ్యలో, బ్లేడు బొడ్డు రంధ్రంలో వదులుగా పట్టే గుండ్రటి కర్రముక్క 6 సెంటీమీటర్లది అంటించండి, లేదా కింది నుంచి మేకు బిగించండి. బ్లేడు ఇరుసు మీద కూర్చున్నట్టే దాని మీద కూర్చుంటుంది. డబ్బా కదిలినా బ్లేడు కదలదు, తీసేటప్పుడు వేళ్లు బొడ్డు పైభాగాన్నే పట్టుకుంటాయి. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టడం మరచిపోవద్దు, లేకపోతే మిగిలిన చెమ్మ అక్కడే ఉండిపోతుంది. కొన్న రోజున బ్లేడుకు తొడిగి వచ్చిన ప్లాస్టిక్ తొడుగును చాలామంది ప్యాకింగుతో పాటు పారేస్తారు. అది మీ దగ్గర ఇంకా ఉంటే ఈ పెట్టె గొడవే అక్కర్లేదు.

వాడకానికీ అరకూ మధ్య బ్లేడు కాసేపు ఎక్కడో ఆగుతుంది కదా, నిజంగా చెయ్యి తెగేది ఎక్కువగా అక్కడే. సబ్బు నీళ్లున్న సింకులో బ్లేడు వేశారంటే నురగ కింద అది కనబడదు. వేసినవాళ్లకు గుర్తుంటుంది, తర్వాత గిన్నెలు కడగడానికి వచ్చినవాళ్లకు తెలియదు. సింకు పక్కన గట్టు మీద ఒక చదునైన పళ్లెం ఉంచి, కడిగేదాకా బ్లేడూ డిస్కులూ అందులోనే ఉండాలని ఇంట్లో అందరికీ చెప్పండి. నన్నడిగితే ఆ పళ్లెం కూడా సర్దుబాటులో భాగమే, అరలో పెట్టే వస్తువులకు ఎంత ఆలోచిస్తామో దానికీ అంతే ఆలోచించాలి.

ఇంకొకటి. లోపల పెట్టేముందు బ్లేడును వెలుతురులో ఒకసారి తిప్పి చూడండి. ఉక్కు రెక్కను ప్లాస్టిక్ బొడ్డుకు రివెట్లతో బిగించిన రకమైతే రివెట్ల చుట్టూ సన్నటి పగుళ్లు వస్తాయేమో గమనించాలి. ఇది ఉత్త భయం కాదు. 2016 డిసెంబరులో అమెరికాలో క్విజినార్ట్ ఫుడ్ ప్రాసెసర్ల రివెట్ల బ్లేళ్లను సుమారు 80 లక్షల దాకా వెనక్కి పిలిచారు. రెక్కలు పగిలి లోహపు ముక్కలు ఆహారంలో పడే అవకాశం ఉండటమే కారణం. ఆ బ్లేళ్లున్న యంత్రాలు 1996 నుంచి 2015 దాకా అమ్ముడైనవి. అంటే ఏళ్ల తరబడి వాడాక బయటపడే లోపం అది. బుట్ట అడుగున పడి ఉన్న బ్లేడును ఎవరూ అంత పరీక్షగా చూడరు.

డిస్కులు నిలబడాలి

డిస్కులను ఒకదాని మీద ఒకటి పేర్చడం వల్ల చోటు కలిసొస్తుందన్న మాట నిజమే. కాడ విడిపోయే డిస్కులు నాలుగు పేర్చినా బెత్తెడు ఎత్తు రావు. కానీ ముక్కలు కోసే డిస్కు మీద కత్తి, డిస్కు తలం కన్నా ఎత్తుగా లేచి ఉంటుంది. ఆ ఎత్తే ముక్క మందం. దాని మీద మరో డిస్కు బరువు పడితే మొదట దెబ్బతినేది ఆ కత్తి అంచే. తురిమే డిస్కు పళ్లు కూడా అంతే. మొద్దుబారిన తురుము డిస్కు తురమదు, నలుపుతుంది. కూరగాయ నీరు కారి ముద్దవుతుంది, జనం మోటారుకు బలం తగ్గిందనుకుంటారు.

పేర్చక తప్పదంటే ప్రతి రెండింటి మధ్యా మందపాటి అట్ట ఉంచండి. డిస్కు కన్నా చుట్టూ అర సెంటీమీటరు ఎక్కువగా గుండ్రంగా కత్తిరించి, మధ్యలో బొడ్డుకు రంధ్రం చేయాలి. గుడ్డ వద్దు. గుడ్డ తడిని పట్టి ఉంచుతుంది, పళ్లకు చిక్కుకుంటుంది, లాగినప్పుడు డిస్కు కూడా లేచి వస్తుంది. అట్ట మెత్తబడిందంటే డిస్కు సరిగా ఆరకుండా లోపలికి వెళ్లిందని అర్థం.

అంతకన్నా మంచి పద్ధతి నిలబెట్టడం. పళ్లాలు ఆరబెట్టే స్టాండు చిన్నది చాలు, ఊచల మధ్య రెండున్నర, మూడు సెంటీమీటర్ల ఎడం ఉన్నది. చెక్కతో చేసుకుంటే 20 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న దుంగలో పొడవు వెంట, రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున గాడులు కోయించండి. గాడి లోతు 3 సెంటీమీటర్లు, వెడల్పు మీ డిస్కు అంచు మందం కన్నా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. ఇందులో నాలుగు డిస్కులు పడతాయి. కాడ డిస్కుకే అతికి ఉండే రకమైతే ఈ కొలతలు పనికిరావు. ఒక్కో డిస్కూ కాడ పొడవంత వెడల్పు మింగేస్తుంది, వాటిని నిలబెట్టడం కన్నా కాడలు కిందికి దిగేలా రంధ్రాలు చేసిన పలక మీద కూర్చోబెట్టడమే దారి.

నిలబెట్టేటప్పుడు దిశ చూసుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. ముక్కలు కోసే డిస్కులో సాధారణంగా కత్తి మధ్య నుంచి అంచు దాకా ఒక వైపే ఉంటుంది, అవతలి సగం నున్నగా ఉంటుంది. కత్తి ఉన్న సగం కిందికి, నున్నటి సగం పైకి వచ్చేలా పెట్టాలి. చెయ్యి పైనుంచే వస్తుంది కాబట్టి వేళ్లకు నున్నటి భాగమే దొరుకుతుంది. తురిమే డిస్కులో అంతటా పళ్లే, అది అటూ ఇటూ తిప్పి వాడే రకమైతే రెండు ముఖాలా పళ్లే. దాన్ని అంచుతోనో మధ్య బొడ్డుతోనో మాత్రమే పట్టుకోవాలి, అందుకని దాన్ని వరసలో చివరన పెట్టండి, మధ్యలో కాదు.

ఏది 2 మిల్లీమీటర్లది, ఏది 4 మిల్లీమీటర్లది అన్నది చాలావరకు డిస్కు మీద చెక్కే ఉంటుంది, కాకపోతే ఆ అక్షరాలు చూడాలంటే డిస్కును బయటికి తీయాలి. బొడ్డు ప్లాస్టిక్ మీద, లేదా స్టాండు గాడి ముందు అంకె రాసుకోండి. ఉక్కు ముఖం మీద రంగు వేయొద్దు, అది ఆహారం తగిలే చోటు, పొట్టులా లేచిపోతుంది.

అర తలుపు లోపలి వైపు మేకులకు డిస్కులు వేలాడదీసే పద్ధతి కూడా చెబుతుంటారు. గోడకైతే సరే, తలుపుకు నేను ఒప్పుకోను. తలుపు దభీమని వేసినప్పుడల్లా డిస్కు ఎగిరి పడుతుంది, ఏదో ఒక రోజు మేకు దాటి పాదం మీద పడుతుంది. కత్తుల కోసం గోడకు బిగించే అయస్కాంతపు పట్టీ కూడా నమ్మదగ్గది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలులో కొన్ని రకాలను అయస్కాంతం పట్టుకుంటుంది, కొన్నింటిని పట్టుకోదు. డిస్కు పలక ఒక రకం, దానికి బిగించిన కత్తి మరో రకం అయ్యే వీలుంది. అలాంటప్పుడు పట్టు కత్తి దగ్గరే ఉండి మిగతా బరువంతా గాల్లో ఉంటుంది.

తడి ఎక్కడ దాక్కుంటుంది

బయటికి పొడిగా కనిపించే భాగాల్లోనే లోపల నీళ్లుంటాయి. బ్లేడు బొడ్డు లోపల బోలు. పుషర్ కూడా చాలా మోడళ్లలో బోలే, ఒకదానిలో ఒకటి దూరే రెండు ముక్కలుగా వస్తుంది. మూత చుట్టూ ఉండే రబ్బరు వలయం కింద గాడి ఉంటుంది. గిన్నె పిడిలో ఉన్న చెమ్మను మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. చాలా యంత్రాల్లో మూత బిగించగానే మూత అంచున ఉన్న నాలుక, పిడిలోని స్ప్రింగు పుల్లను కిందికి నొక్కుతుంది, ఆ పుల్ల మోటారులోని స్విచ్చిని నొక్కుతుంది. ఆ పుల్ల తిరిగే దారిలోకి నీళ్లూ పిండీ చేరి ఎండిపోతే అది ఇరుక్కుంటుంది. అంతే, యంత్రం కదలదు. మోటారు కాలిపోయిందని బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళితే వాళ్లు గోరువెచ్చటి నీళ్లు పోసి పుల్లను నాలుగుసార్లు ఆడించి ఇచ్చేస్తారు.

కాబట్టి గిన్నెను కడిగాక పిడి కిందికి వచ్చేలా కాసేపు వంచి, తర్వాతే బోర్లించాలి. పుషర్ రెండు ముక్కలూ విడదీసి బోర్లించాలి. నూనె చుక్కలుగా పడటానికి కొన్ని పుషర్ల అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోలేదేమో వెలుతురుకు పట్టి చూడండి. తెరిచి ఉంటే గాలి కూడా ఆడుతుంది. బ్లేడును రెండు మూడు సార్లు విదిలించి, బొడ్డు నోరు పక్కకు తిరిగేలా పడుకోబెట్టి రాత్రంతా వదిలేయాలి. రబ్బరు వలయం ఊడేదైతే ఊడదీసి తుడిచి ఆరాక పెట్టాలి. తీసేటప్పుడే ఏ అంచు పైకి ఉందో చూసుకోండి. తిరగేసి పెడితే మూత బిగియదు, బలవంతంగా తిప్పితే నాలుక విరుగుతుంది.

స్టెయిన్‌లెస్ కదా, తుప్పెందుకు పడుతుందనే అనుమానం రావచ్చు. ఆ ఉక్కు మీదుండే సన్నటి క్రోమియం ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది. ఉప్పూ పులుపూ తడిగా చాలాసేపు అంటి ఉంటే ఆ పొర అక్కడక్కడ దెబ్బతిని చుక్కలు చుక్కలుగా తుప్పు కనబడుతుంది. పదునైన అంచు కోసం వాడే గట్టి ఉక్కులో ఈ ఓర్పు ఇంకా తక్కువ.

డిష్‌వాషర్ ఉన్నవాళ్లు ప్లాస్టిక్ భాగాలను పై అరలోనే పెట్టాలి, వేడితో ఆరబెట్టే దశను ఆపేయాలి. మూత కొంచెం వంగినా గిన్నె మీద సరిగా కూర్చోదు, అది సర్దుబాటు సమస్య కాస్తా యంత్రం పనిచేయని సమస్య అవుతుంది. క్యారెట్ రంగు పట్టిన గిన్నెకు సబ్బు కన్నా వంటనూనె బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ రంగు నూనెలో కరుగుతుంది. గుడ్డకు నూనె అద్ది తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

మూత బిగించి పెట్టొద్దు

దుమ్ము పడకుండా మూత బిగించి పెట్టడం అందరూ చేసే పనే. అలా పెడితే పిడిలోని స్ప్రింగూ కింది స్విచ్చీ నెలల తరబడి నొక్కుకునే ఉంటాయి. వాడనప్పుడు మూతను బిగించకుండా వదులుగా ఉంచమని కొన్ని కంపెనీల సూచనల పుస్తకాల్లో రాసే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. బిగించిన మూత కింద గాలి ఆడక వాసన కూడా పట్టుకుంటుంది.

మూతను గిన్నె మీద వెల్లకిలా పెట్టి చూడండి. గొట్టం గిన్నెలోకి దిగుతుంది. చాలా మోడళ్లలో మొత్తం ఎత్తు ఈ గొట్టం వల్లే పెరుగుతుంది కాబట్టి గిన్నె పెట్టిన మోటారు పై అర కింద దూరకపోతే ఈ ఒక్క మార్పుతో దూరే అవకాశం ఉంది. గట్టుకూ పై అరకూ మధ్య మామూలుగా 45 నుంచి 60 సెంటీమీటర్లుంటుంది, టేపు పెట్టి కొలుచుకోండి. ఇందులో ఒక మెలిక ఉంది. గొట్టం మరీ వెడల్పుగా ఉంటే గిన్నె మధ్య గొట్టానికి తగులుతుంది, బ్లేడు లోపలుంటే దాని రెక్కలకూ తగులుతుంది. అప్పుడు బ్లేడు లోపలా, మూత వెల్లకిలా అన్న రెండు సుఖాలూ కుదరవు, ఒకటి వదులుకోవాలి. నేనైతే బ్లేడును బయటి పెట్టెకు మారుస్తాను.

మోటారు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పెద్దవి ఏడెనిమిది కిలోల దాకా బరువుంటాయి, తలకన్నా ఎత్తున పెట్టకూడదు. గట్టు మీద చోటు లేకపోతే నడుము ఎత్తుకు తగ్గకుండా ఏదో ఒక అర. తీగను మోటారు చుట్టూ బిగించి చుట్టకుండా వదులుగా మడిచి కట్టాలి, లేకపోతే మోటారులోకి వెళ్లే చోట లోపలి తీగలు తెగుతాయి.

బుట్ట పక్షం వాళ్ల మాట

ఇప్పుడు మొదట వదిలిన మాట దగ్గరికి. అన్నీ ఒకచోట ఉంటే పోవు కదా? పోవు. కానీ ఒకచోట అంటే ఒకే గుట్ట అని అర్థం కాదు. ఒకే అరలో స్టాండు, పెట్టె, పళ్లెం పక్కపక్కన ఉండొచ్చు. బుట్ట చేసే తప్పల్లా వాటి మధ్య గోడలు తీసేయడమే.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ వాదన ఇంకా బలంగా వినిపిస్తుంది. కోసే వస్తువులన్నీ ఒకే తాళం కింద ఉండాలి, రెండు చోట్ల ఉంటే రెండు తాళాలు కావాలి. ఒప్పుకుంటాను. అలాంటప్పుడు మోటారు మీద గిన్నెలో బ్లేడు ఉంచడం కూడా మానేయాలి, నా షరతులన్నీ పక్కన పెట్టి. తాళం వేసిన అర లోపల మాత్రం డిస్కులు నిలబడే ఉండాలి.

నన్ను నిజంగా తటపటాయింపజేసేది మరొకటి. ఏడాదికి రెండు మూడు సార్లే యంత్రం తీసేవాళ్లకు ఈ స్టాండులూ కొక్కేలూ అవసరమా? లేదనే అనిపిస్తుంది. వాళ్లకు యంత్రం కొన్నప్పుడు వచ్చిన పెట్టే మంచిది. ప్రతి భాగానికీ ఒక గుంట చేసిన అచ్చు అందులో ఉంటుంది, ఏది లేకపోయినా ఖాళీ గుంట కనబడుతుంది. అట్టపెట్టె చెమ్మ పీలుస్తుంది కాబట్టి సింకు కింద కాకుండా పొడి చోట పెట్టాలి, అంతే. కంపెనీలు విడిగా అమ్మే డిస్కుల పెట్టెల మీద మాత్రం నాకు అంత మంచి అభిప్రాయం లేదు. ఒక్కోటి యంత్రమంత చోటు తింటుంది, మనం వాడని డిస్కుకూ వాడే డిస్కుకూ సమానంగా గది కేటాయిస్తుంది. చోటు బోలెడున్నవాళ్లకు సరే.

పాత యంత్రం మిగిల్చిన సామాను

బుట్టల్లో సగం సామాను ఇప్పుడున్న యంత్రానిది కాదు. పాతది పాడై కొత్తది వచ్చినప్పుడు మోటారును తీసేస్తారు, డిస్కులు మెరుస్తున్నాయి కదా అని ఉంచేస్తారు. ఒకే కంపెనీ, ఒకే లీటర్ల గిన్నె అయినా కాడ కూర్చునే గుంట ఆకారం వేరుగా ఉండొచ్చు, డిస్కు వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉండొచ్చు. దాదాపు పట్టినట్టే ఉండి పూర్తిగా కూర్చోని డిస్కు, ఒక్కసారి తిరిగితే మూత లోపలి వైపు గీకేస్తుంది. సరిపోతుందేమో చూడాలంటే ప్లగ్గు తీసి ఉంచి, డిస్కు పెట్టి మూత వేసి, గొట్టంలోంచి చెక్క గరిటె కాడతో డిస్కును మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా రాసుకుంటే అది మీ యంత్రానిది కాదు.

మోటారు అడుగున చీటీ మీద మోడల్ నంబరు ఉంటుంది. దాన్ని రాసి, భాగాల పేర్లతో కలిపి అర తలుపు లోపల అంటించండి. తడి తగిలి అడుగు చీటీ చెరిగిపోతే విడిభాగం తెప్పించుకోవడం గగనమవుతుంది. యంత్రం ఇంకా అమ్మకంలో ఉండగానే ముందుజాగ్రత్తగా ఒకటి అదనంగా కొనాలంటే డిస్కుల కాడ కొనండి, తర్వాత మూత రబ్బరు. అదనపు కాడను మాత్రం మొదటి కాడ పక్కన తగిలించొద్దు. రెండూ ఒకేసారి గరిటెల సొరుగులోకి పోతాయి.